ఏడు, సున్నా, సున్నా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా నిఘంటువు ఆఫీసులో గుమస్తా దగ్గర్నుంచి పెద్ద సంపాదకుడి దాకా అందరికీ తెలిసిన సంగతే కాబట్టి దాచుకోవడం దేనికి. ఇరవై రెండేళ్ళుగా అక్కడి కంప్యూటర్లు చూసేది నేను. ఏ ఫైలు ఎవరు చూడొచ్చు, ఎవరు మార్చొచ్చు, ఎవరు గడప కూడా తొక్కకూడదు అన్నది నా చేతిలో పని. నా వెనకాల నన్ను తాళాలావిడ అంటారు. ఎదురుగా అన్నా నేనేం కొరకను గానీ, ఇంతవరకు ఎవరూ అనలేదు.

ఆ తాళాల గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే నేను చేసిన ఘనకార్యం మీకు అర్థం కాదు. మా పెద్ద మిషన్ తెర మీద బొమ్మలూ గట్రా ఉండవు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, కొట్టుకుంటూ ఉండే ఒక చిన్న గీత. ఏ పని కావాలన్నా ఆ గీత దగ్గర ఒక లైను టైపు చేసి ఎంటర్ కొట్టాలి. తాళం వెయ్యడానికి మూడంకెలు. మొదటిది ఆ ఫోల్డరు ఎవరిదో వాళ్ళకి. రెండోది మా ఆఫీసు బృందానికి. మూడోది మిగతా లోకానికి. ఏడు అంటే లోపలికి పోవచ్చు, చూడొచ్చు, మార్చొచ్చు. అయిదు అంటే లోపలికి పోయి చూడొచ్చు గానీ చెయ్యి పెట్టకూడదు. సున్నా అంటే తలుపు మొహాన వేసినట్టే. సీహెచ్‌మోడ్ అని కొట్టి, మూడంకెలు వేసి, ఫోల్డరు పేరు రాస్తే అయిపోయింది. నిజంగానే చెయ్యమంటారా అని అది అడగదు. చేశాక చేశానని కూడా చెప్పదు. కోపంలో ఉన్న మనిషి చేతికి ఇవ్వకూడని వస్తువది.

ఇక మా అక్క. నాకంటే ఆరేళ్ళు పెద్దది. మా బావ బస్సు డ్రైవరుగా చేసేవాడు. షుగరొచ్చి పదమూడేళ్ళ కింద రెండు కళ్ళూ పోయాయి. అప్పట్నుంచి అక్క రోజూ పొద్దున్నే ఆయనకి పేపరు చదివి వినిపించేది. వార్తలే కాదు, టెండరు ప్రకటనలు, ఇళ్ళు అద్దెకివ్వబడును, పోయినవాళ్ళ ఫోటోల కింద రాసే రెండు లైన్లు, అన్నీ. బావ కూడా తక్కువవాడు కాదు, ఏ మూలో ఒక ముక్క వదిలేస్తే పట్టేసేవాడు. "ఆ సంస్థ ఫోన్ నంబరు చదవలేదు నువ్వు" అనేవాడు. అక్క నవ్వి చదివేది. ఎవరికైనా ఒక్కసారి వింటే గుర్తుండిపోయే గొంతు దానిది. తడబాటు ఉండేది కాదు, తొందర ఉండేది కాదు, ప్రతి అక్షరం దాని చోట అది కూర్చునేది.

మా పెద్ద సంపాదకుడు ఏదో పని మీద ఒకసారి వాళ్ళింటికి వచ్చి, గుమ్మంలో నిలబడి ఆ చదువు విన్నాడు. అప్పటికే మాట్లాడే నిఘంటువు ఒకటి చెయ్యాలని ఆఫీసులో అనుకుంటున్నారు. మాట మీద నొక్కితే ఆ మాట వినబడాలి. మర్నాడే అక్కని రమ్మన్నారు. పాత కాగితాల గది ఖాళీ చేసి, గోడలకి బొంతలు కొట్టి, మధ్యలో ఒక మైకు పెట్టారు. అక్క అందులో కూర్చుని చదివేది. ఒక మాట, కాస్త ఆగి ఆ మాటతో ఒక వాక్యం, మళ్ళీ ఆగి ఇంకో మాట. ఆరేళ్ళు చదివింది. నలభై ఒక్క వేల మాటలు. పైవాళ్ళు రేపు మాపు అంటూ నాన్చి నాన్చి ఆ నిఘంటువుని బయటికి రానివ్వలేదు. మాటలు మాత్రం మా మిషన్‌లో, అక్క పేరు మీద ఉన్న ఫోల్డరులో, భద్రంగా ఉండేవి.

ఆ ఆరేళ్ళలో చివరి ఏడాది అక్క చదువుతుండగా జరిగింది తాళం సంగతి. మా ఆఫీసులో ఒక సంపాదకుడున్నాడు, అందరం ఎక్స్‌ప్రెస్ అంటాం. తిండి, నడక, మాట అన్నీ తొందరే. ఆయన తన గదిలో కొత్త మైకు పరీక్షించుకుంటూ, చూసుకోకుండా అక్క ఫోల్డరులోకి రికార్డు చేశాడు. ఆ పొద్దున అక్క చదివిన అరవై మూడు మాటల మీద "హలో, హలో, వినబడుతోందా" పడింది. మా మిషన్‌లో ఉన్నదానికంతటికీ రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి నకలు తీసే ఏర్పాటుంది. ఆ నకలు పక్క బిల్డింగులో ఇంకో మిషన్‌కి వెళ్తుంది. ఎక్స్‌ప్రెస్ గారి హలో పదకొండున్నరకి పడింది. అంచేత ఆ అరవై మూడూ పోయినట్టే.

అక్కకి అప్పటికే గొంతు కాస్త గరగరమంటోంది. జలుబనుకున్నాం. అది ఏమీ అనుకోకుండా వేణ్ణీళ్ళు తాగి మళ్ళీ కూర్చుని అరవై మూడు మాటలూ చదివింది. పైగా ఎక్స్‌ప్రెస్‌తో, హలో కూడా మాటేగా, మీ గొంతుతో అదొక్కటీ ఉంచుకోండి అని పరాచికాలాడింది. ఆయన సిగ్గుతో చచ్చాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. దాని గొంతు అరిగిపోతుంటే వీళ్ళకి నవ్వులాటగా ఉందా అనుకుని, నా సీటు దగ్గరికొచ్చి, నిలబడే ఆ లైను కొట్టాను. ఏడు, సున్నా, సున్నా. అక్క తప్ప మరో పురుగు దూరకూడదు.

ఎక్స్‌ప్రెస్ మూడుసార్లు వచ్చి అడిగాడు. మాటలు సరిగ్గా ఉన్నాయో లేదో మేం వినాలి కదా మేడమ్, మార్చడానికి కాదు, వినడానికే, మధ్యలో అయిదు పెట్టండి చాలు అన్నాడు. పాపం, పద్ధతిగానే అడిగాడు. మధ్యలో అయిదు పెడితే మీ చెంప మీద కూడా అయిదు కనబడతాయి అన్నాను. అక్క కూడా, పోనీలేవే, తియ్యి, పిల్లిని చూసినట్టు చూస్తావేం ఆయన్ని అని రెండుసార్లు చెప్పింది. నేను వినలేదు. ఎవరికైనా ఏదైనా వినాలంటే అక్కే తీసి వినిపించేది. ఆ పద్ధతే అలవాటైపోయింది.

ఇంకో సంగతి. రోజూ ఒంటిగంటకి మిషన్ నాకొక రిపోర్టు పంపుతుంది. ఎవరు ఏ తలుపు తట్టారు, ఎవరికి తెరుచుకోలేదు అన్న చిట్టా. తాళం వేసిన మర్నాడు అందులో ఒక లైను వచ్చింది. అక్క ఫోల్డరు పేరు, దాని పక్కన అనుమతి లేదు అని. చూశావా, ఎక్స్‌ప్రెస్ ఇంకా తడుతున్నాడు అనుకున్నాను. మర్నాడూ అదే లైను. ఆ మర్నాడూ అదే. వారం రోజులు చూసి విసుగెత్తి, ఆ రిపోర్టులు నా కళ్ళబడకుండా నేరుగా ఒక మూలకి పోయేట్టు ఏర్పాటు చేసేశాను. పీడా పోయింది అనుకున్నాను.

తర్వాత మూడేళ్ళకి అక్క గొంతులో ఉన్నది జలుబు కాదని తెలిసింది. పుండు. గొంతుపెట్టె మొత్తం తీసెయ్యాలన్నారు. ప్రాణానికి ఫరవాలేదు, మాట మాత్రం ఉండదు అని పెద్ద డాక్టరు చెప్పాడు. చెప్పి, ఆపరేషన్‌కి పది రోజులు గడువిచ్చాడు.

అదే ఆసుపత్రిలో మాట పోయినవాళ్ళకి సాయం చేసే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. ఈ పది రోజుల్లో మీ అక్క చేత కొన్ని గంటలు చదివించి రికార్డు చెయ్యండి. తర్వాత చేతిలో పట్టే చిన్న మిషన్ ఇస్తాం. టైపు చేస్తే అది ఆవిడ గొంతుతోనే మాట్లాడుతుంది. గొంతు గరగరమన్నా ఫరవాలేదు, మనిషి తెలిస్తే చాలు. బావ ఆ మాట వినగానే కుర్చీలో ముందుకి జరిగాడు. ఆయనకి చూపు లేదు. అక్క కాగితం మీద రాస్తే ఆయనకి కనబడదు. అక్క మాట వినబడకపోతే ఆ ఇంట్లో ఆయనకి అక్క ఉన్నట్టా, లేనట్టా? ఆ గదిలో ఉన్న మా అందరికీ అది తెలుసు.

నేను తగుదునమ్మా అని అందుకున్నాను. ఈ బొంగురు గొంతెందుకండీ, మా దగ్గర నలభై ఒక్క వేల మాటలున్నాయి, బంగారంలాంటి గొంతుతో, చప్పుడు లేని గదిలో చదివినవి అన్నాను. డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. అంతకంటే ఏం కావాలి, ఆ ప్రతులు జాగ్రత్తగా ఉన్నాయిగా అని అడిగింది.

"నా తాళం కింద ఉన్నాయి" అన్నాను.

అంతటితో ఊరుకున్నానా? ఆ పది రోజులూ వాళ్ళింట్లోనే మకాం పెట్టి, అక్కని మాట్లాడనివ్వలేదు. గొంతుకి విశ్రాంతి కావాలి, పుండు రేగుతుంది, నోరు మూసుకో అన్నాను. అలాగని ఏ డాక్టరూ చెప్పలేదు. నాకు నేనే చెప్పుకున్నాను. పొద్దున్నే పేపరు నేనే చదివాను. అది బావ దగ్గరికి జరిగి ఏదో చెప్పబోతే వంటింట్లోంచి ఉష్ అనేదాన్ని. తర్వాత మాట్లాడుకుందురుగాని, మాటలెక్కడికీ పోవు అనేదాన్ని. అక్క నవ్వి నోటి మీద వేలు పెట్టుకునేది. చెప్పిన మాట వినే మనిషి, నాలాంటిది కాదు.

ఆపరేషన్ బాగా జరిగింది. మెడ కింద చిన్న బెజ్జం, దాని మీద పల్చటి గుడ్డ. ఊపిరి అందులోంచే. ఇంటికొచ్చాక ఒక పలక, బలపాల పెట్టె కొనిచ్చాను. వాళ్ళిద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. బావ ఏదైనా అడిగితే అక్క ఆయన అరచెయ్యి ఒకసారి నొక్కితే అవును, రెండుసార్లు నొక్కితే కాదు. అవునూ కాదూ అనేవాటితో ఎంతసేపని కాపురం చేస్తారు? మిగతావన్నీ పగలంతా కాగితాల మీద రాసి పెట్టుకునేది. నేను సాయంత్రం అయిదింటికి ఆఫీసు నుంచి నేరుగా వాళ్ళింటికెళ్ళి, అవన్నీ వరసగా బావకి చదివి వినిపించేదాన్ని. మందు వేసుకున్నారా లేదా అని పొద్దున తొమ్మిదింటికి అడిగిన ప్రశ్నకి ఆయన సాయంత్రం అయిదున్నరకి జవాబు చెప్పేవాడు.

ఫోన్‌లో రాస్తే చదివే గొంతు ఒకటుంటుంది కదా, అదీ పెట్టి చూశాం. బావ ఒక పూట ఓర్చుకున్నాడు. మధ్యాహ్నానికి, "ఆవిణ్ణి పంపెయ్యండి. ఇంట్లో పరాయి ఆడమనిషి తిరుగుతుంటే నాకు మాట పెగలడం లేదు" అన్నాడు. అక్క నవ్వింది. చప్పుడు లేని నవ్వు. నవ్వుతున్నావా అని ఆయన చేత్తో దాని బుగ్గలు తడిమి చూసుకున్నాడు. ఇంకెన్నాళ్ళు, రెండు మూడు వారాల్లో నీ గొంతు నీకు తెచ్చిస్తారు అని దానికి ధైర్యం చెప్పాడు.

నేను అక్కతో ఆసుపత్రిలో ఉన్న వారంలోనే ఆఫీసులో కరెంటు వస్తూ పోతూ పెద్ద మిషన్ డిస్కు కాలిపోయింది. ఎక్స్‌ప్రెస్ కంగారుగా ఫోన్ చేశాడు. నకలుంది కదండీ, ఎందుకా హడావిడి, నేనొచ్చి చూస్తానుగా అని గదమాయించాను. డాక్టరమ్మ సోమవారానికల్లా మాటలన్నీ తెచ్చివ్వమంది. కొత్త డిస్కు శుక్రవారానికి గానీ రాలేదు. రాగానే అది పెట్టి, పక్క బిల్డింగు నుంచి నకలు రప్పించాను. అన్నీ వచ్చాయి. సంపాదకుల చిత్తుప్రతులు వచ్చాయి. పదేళ్ళ సెలవు చీటీలు వచ్చాయి. ఎవరైనా చదువుతారేమోనని ఎక్స్‌ప్రెస్ అన్ని తలుపులూ బార్లా తీసి పెట్టుకున్న కవితలు, ఒక్కటి కూడా పోకుండా వచ్చాయి.

అక్క ఫోల్డరు వచ్చింది. లోపల ఏమీ లేదు.

మొదట తెరకే ఏదో అయిందనుకున్నాను. మళ్ళీ చూశాను. అంతకుముందు రోజు నకలు చూశాను, నెల కిందటిది చూశాను, ఆరు నెలల కిందటిది చూశాను. పేరుంది, లోపల ఖాళీ. ఏడాది దాటిన నకళ్ళు వాటంతటవే చెరిగిపోతాయి, లేకపోతే చోటు చాలదు. తాళం వేసి మూడేళ్ళయింది. మూలకి తోసేసిన ఆ రిపోర్టులు తెరిచాను. వెయ్యికి పైగా ఉన్నాయి. ప్రతి దాంట్లో అదే లైను, అక్క ఫోల్డరు పేరు, అనుమతి లేదు అని. లైను చివరిదాకా చదివితే, తలుపు తట్టిందెవరో ఉంది. ఎక్స్‌ప్రెస్ కాదు. ఆయన పేరు ఒక్కసారి కూడా లేదు. రోజూ పన్నెండింటికి వచ్చి తట్టి వెళ్ళిపోయింది నా నకలు తీసే ఏర్పాటే. దానికి అన్ని తలుపులూ తెరిచే అధికారం ఇవ్వకుండా, ఆఫీసు బృందంలో ఒకడిగా చేర్చింది నేనే. అదే క్షేమమని అందరికీ గొప్పగా చెప్పుకున్నదీ నేనే. మధ్యలో అయిదు పెట్టి ఉంటే చాలు. ఎక్స్‌ప్రెస్ మూడుసార్లు అడిగింది ఆ అయిదే.

ఎక్స్‌ప్రెస్ కాలిపోయిన డిస్కు తీసుకుని బాగుచేసేవాడి దగ్గరికి పరిగెత్తాడు. వాడు విప్పి చూసి, లోపలి పళ్ళేలు గుండ్రంగా గీరుకుపోయాయి, దీంట్లో చూడ్డానికి ఏమీ లేదు అన్నాడు. ఇంట్లో ఫోన్లలో వెతికాను. పెళ్ళిళ్ళవీ, పుట్టినరోజులవీ వీడియోలు బోలెడున్నాయి. అన్నిట్లోనూ ఫోన్ పట్టుకున్నది అక్కే. ఎక్కడో వెనకనుంచి ఇటు చూడండి, ఇంకొంచెం జరగండి అని వినబడుతుంది, దాని మీద పదిమంది అరుపులు. అన్నీ కలిపి నాలుగు నిమిషాలు కూడా లేవు. డాక్టరమ్మ విని, తల అడ్డంగా ఊపింది. ఎక్స్‌ప్రెస్ సాయంత్రం నా గది గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. నేను చెప్పాను కదా మేడమ్ అనొచ్చు. అంటే నేను ఎంతో కొంత తట్టుకునేదాన్ని. ఏమీ అనకుండా ఒక గ్లాసుడు మంచినీళ్ళు నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. తలుపేసుకుని ఏడ్చాను.

శనివారం అయిదింటికి వాళ్ళింటికెళ్ళాను. పై వాటాలో రెండు గదులు. బావ కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. అక్క ఆయన కాళ్ళ దగ్గర పీట మీద కూర్చుని చొక్కాలకి ఊడిన గుండీలు కుడుతోంది. నన్ను చూసి, సోమవారమేనా అన్నట్టు వేలితో గాల్లో రాసింది. బావ ముందు నోరు విప్పి చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. పలక తీసుకుని రాశాను. నీ మాటలన్నీ పోయాయక్కా. నేను వేసిన తాళం వల్ల నకలు తీయలేదు. ఒక్కటీ మిగల్లేదు.

అక్క చదివింది. మళ్ళీ మొదట్నుంచి చదివింది. బలపం తీసుకుని, అన్నీనా అని రాసింది. అన్నీ అని రాశాను.

"అదేమిటి, బలపం చప్పుడు రెండు రకాలుగా ఉంది?" అన్నాడు బావ. "ఇద్దరూ రాసుకుంటున్నారా?"

అక్క సూది చొక్కాకి గుచ్చి పక్కన పెట్టింది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. దాని మెడ మీది గుడ్డ లోపలికీ బయటికీ ఆడుతోంది. బావ మళ్ళీ అడిగాడు. అప్పుడది పలక తుడిచి, మెల్లగా, గుండ్రటి అక్షరాలతో రాసి నా చేతికిచ్చింది. చదువు అని సైగ చేసింది.

ఏమండీ, ఆఫీసులో డిస్కు కాలిపోయింది, నా మాటలు పోయాయి, ఇందులో ఎవరి తప్పూ లేదు. అదీ దాని మీద ఉన్నది. మొదటి రెండు ముక్కలూ చదివాను. మూడోది నా నోట్లోంచి రాలేదు. నా తప్పు లేదని నా నోటితో నేనే ఎలా చదవను?

"చెల్లి పొగరుతో తాళం వేసి, నా గొంతు పోగొట్టింది" అని చదివాను.

బావ తల అడ్డంగా ఊపాడు. "ముందుది దానిది. చివరిది నీది" అన్నాడు. "మీ అక్క నిన్ను పొగరని ఎప్పుడూ అనలేదు నా దగ్గర. రాసింది చదువమ్మా."

చదివాను. ఎవరి తప్పూ లేదు అని చదివాను. అంతకంటే కష్టమైన పని ఈ యాభై మూడేళ్ళలో నేను చెయ్యలేదు. బావ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వింటున్నాడు. ఏడుపు దిగమింగుతున్నాడని తెలుస్తూనే ఉంది. తర్వాత నా గొంతు వచ్చిన వైపు కాకుండా, అక్క కూర్చున్న వైపు తిరిగి జవాబు చెప్పాడు.

"పోనీలే. మనిషివి మిగిలావు, అది చాలు" అన్నాడు. దాన్ని సంతోషపెట్టాలనో, నన్ను ఓదార్చాలనో, మొహాన నవ్వు తెచ్చుకుని ఇంకో మాట కూడా అన్నాడు. "ఆ ఫోనావిడ మాత్రం మనకొద్దు. మరదలు రోజూ వస్తుందిగా. దీని గొంతు నీ గొంతుకి దగ్గరగానే ఉంటుంది. ఆ పది రోజులూ ఇది పేపరు చదువుతుంటే ఒక్కోసారి నువ్వే అనుకున్నాను."

అక్క చెయ్యి పలక అంచు మీద ఆగిపోయింది. దాని మొహంలోకి చూడ్డానికి భయమేసింది. చూశాను. చిన్నప్పట్నుంచి నేను ఎన్ని వెధవ పనులు చేసినా ఆ మొహంలో కనబడనిది కనబడింది. అది పలక లాక్కుని రాసింది. బలపం విరిగింది. ముక్కతోనే రాసింది. రాసి, నా వైపు తిప్పింది.

ఇది పైకి చదవకు. నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. ఇది తగ్గేదాకా నువ్వు రావద్దు.

"ఏమంటోంది?" అన్నాడు బావ, నవ్వు మొహంతోనే.

"చదవొద్దని రాసింది బావా."

"అయితే చదవకు" అన్నాడు.

లేచి నా సంచి తీసుకున్నాను. అక్క పలక తుడుస్తోంది. తుడిచిందే తుడుస్తోంది. తలెత్తలేదు. ఏదైనా చెప్పి వెళ్ళాలని ఉంది. క్షమించమని అడగాలని ఉంది. ఏం మాట్లాడినా అది నా గొంతుతోనే మాట్లాడాలి కదా, అందుకని నోరు తెరవలేదు. చెప్పులు వేసుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాను. మెట్లు దిగుతుంటే పైనుంచి బావ మాట వినబడింది. మరదలు వెళ్ళిపోయిందా, అప్పుడేనా అని అడుగుతున్నాడు. కాసేపు ఆగి, ఎందుకు వెళ్ళింది అని అడిగాడు. మళ్ళీ ఆగాడు. మళ్ళీ అదే అడిగాడు.